దేవరాజులు వెల్లకిలా పడిన షాటు

ఐరాల దగ్గరి ఆ పల్లెకు సినిమావాళ్లు దిగారంటే మునెమ్మకు ఏమంత సంబరం కాలేదు. ఆమె దిగులంతా తోటలోని తోతాపురి మామిడికాయల మీదే. కాయ కోసే వేళయింది. తోటలోకి ట్రాక్టరు రావాలంటే ఒకటే బాట. దానికి అడ్డంగా పక్కచేని దేవరాజులు కంపకంచె వేసి కూర్చున్నాడు. మొగుడు పోయిన మునెమ్మ పంచాయతీకి పోతే, అక్కడ పెద్దమనిషీ ఆ దేవరాజులే.

"మొగోడు లేని కొంపకు ట్రాక్టరు బాటెందుకుమే? నెత్తిన పెట్టుకోని మోసుకో" అన్నాడు. నలుగురూ పకపకా నవ్వారు. తోటెడు కాయలు ఒక్క నెత్తిన మోయాలట! ఏం తీర్పు, ఏం తీర్పు!

ఇంతకీ తీసే సినిమా ఏమిటయ్యా అంటే, పల్లెల్లో ఆడవాళ్లకు జరిగే అన్యాయం మీద. డైరెక్టరు భానుచందర్‌ది హైదరాబాదు. మనసున్నవాడే, కాదనను. కానీ దుర్మార్గపు ఊరిపెద్ద వేషానికి మనిషి కోసం ఊరంతా వెతికి, చివరికి దేవరాజులు మీసం చూసి ముచ్చటపడ్డాడు.

"నాకు నటించేది రాదబ్బా" అని దేవరాజులు మెలికలు తిరిగాడు. మునెమ్మకు నవ్వాగలేదు. నీకు నటనెందుకు నాయనా, ఉన్నట్టు ఉంటే చాలదా!

ఊరి ఆడవాళ్లకు తలా ఒక చీపురిచ్చి, వాకిలి చిమ్ముతూ భయంభయంగా చూడమన్నారు. షాటు ఇదీ: ఊరిపెద్ద హీరోయిన్ కొంగు పట్టి లాగుతాడు, ఆమె తోస్తుంది, అతను వెల్లకిలా పడతాడు. అంతే.

"యాక్షన్!"

దేవరాజులు ఉత్సాహం పట్టలేక తొడ కూడా చరిచి కొంగు లాగాడు. హీరోయిన్ రూపశ్రీ తోసింది. కాళ్లూ చేతులూ బార్లా చాపి, మీసం ఆకాశానికి పెట్టి, దభీమని పడ్డాడు.

ఇక్కడొక సంగతి చెప్పాలి. ఆ చుట్టుపక్కల ఏటా ఎండాకాలంలో భారతం ఆడతారు. చివరిరోజు మట్టితో పెద్ద దుర్యోధనుణ్ణి చేసి వెల్లకిలా పడుకోబెడతారు. భీముడు తొడ విరగ్గొట్టగానే, ద్రౌపదమ్మను సభకు ఈడ్పించినందుకు ఆడవాళ్లంతా చీపుర్లతో వాణ్ణి బాదేస్తారు. చిన్నప్పటి నుంచీ చేతికి అలవాటైన పుణ్యకార్యం అది. పాపం, భానుచందర్‌కు ఎవరు చెప్తారు?

మీసాలవాడు. కొంగు లాగాడు, తొడ చరిచాడు, వెల్లకిలా పడ్డాడు. చేతిలో చూస్తే చీపురు. ఇంకెవరాగుతారు!

"గోవిందా!" అంటూ ముసలి పంకజాక్షి మొదటి దెబ్బ వేసింది. ఆ వెనకే ఊరు ఊరంతా. మునెమ్మ మాత్రం ఒక్క క్షణం ఆగింది. కింద పడున్నది మట్టి కాదని ఆమెకు బాగా తెలుసు. అందుకే ఇంకాస్త గట్టిగా వేసింది.

"సచ్చినాన్రా నాయనా! నేను దేవరాజుల్నిమే!"

"తెలుసులేన్నా. బాట ఇడుస్తావా, లేదా?"

"ఇడుస్తా! కంచె పీకేస్తా! ట్రాక్టరు కాదు, లారీ తోలుకో తల్లీ!"

కెమెరా తిరుగుతూనే ఉంది. భానుచందర్ కళ్ల నిండా నీళ్లు. "ఎంత సహజంగా చేశారండీ!" అన్నాడు.

మర్నాడు మునెమ్మ ట్రాక్టరు మాట్లాడుకుని పోతే కంచె కంచెలాగే ఉంది. పక్కనే మంచం మీద దేవరాజులు నడుముకు కాపడం పెట్టుకుంటున్నాడు.

"అది సినిమా డైలాగుమే. నిజమనుకుంటివా, పిచ్చిదానా?"

మునెమ్మకు ఆనాడు నవ్విన నలుగురూ గుర్తొచ్చారు. వెనక్కి తిరిగి చూసింది. ట్రాక్టరు తొట్టిలో కాయ కోతకు వచ్చిన ఆడవాళ్లున్నారు, పంకజాక్షితో సహా, చెట్ల కింద చిమ్మే చీపుర్లతో సహా.

"సినిమానే అయితే సరేలేన్నా" అంది. "డైరెక్టరు ఇంగో టేకు కావాలంటా ఉండాడు. పంకజాక్షక్కా, చీపుర్లు దించండి. అన్నా, నువ్వు పండుకో."

దేవరాజులు పడుకోలేదు. నడుము పట్టుకుని లేచి, ఒక్కడే కంచె పీకాడు. బాట తెరుచుకుంది. పీకిన కంప గుట్టంత అయింది.

"ఇదంతా యాడ ఎయ్యల్లమే?" అన్నాడు ఏడుపు మొహంతో.

"నెత్తిన పెట్టుకోని మోసుకోన్నా" అంది మునెమ్మ.