మృదంగం అడిగిన రవ్వ

రాజోలిలో మగ్గం నేసే రాధమ్మకు పాటంటే ప్రాణం. నూలుపోగుతో నాడె అటూ ఇటూ ఆడుతుంటే ఆ వేగానికి తగ్గట్టు ఆమె నోట్లో ఏదో ఒక పాట ఆడుతూనే ఉండేది. అంతటి మనిషి నలభై ఏళ్లొచ్చినా ఒక్క పెద్ద కచేరీ వినలేదు. గద్వాల కోటలో మూడు రోజులు సంగీత సభలనీ, ఆడవాళ్లకు వేరే చోటు కడుతున్నారనీ ఆడబిడ్డ యాదమ్మ కబురంపింది. రాధమ్మ ఇక ఆగలేదు. బర్రెను మొగుడు రామస్వామికి అప్పజెప్పి, గౌస్ పాషా ఎడ్లబండి ఎక్కేసింది.

యాదమ్మ గద్వాల కోడలై ఇరవై ఏళ్లు. ఊరంతా తానే కట్టించినట్టు మాట్లాడుతుంది. మర్నాడు పొద్దున్నే మరదలి చెయ్యి పట్టుకుని బయలుదేరదీసింది.

"కచేరీ సాయంత్రం గదా వదినా, గింత పొద్దుగాలనే ఎటు?"

"పాట యాడికి పోదు. మొదలు ఊరు చూడు. గా కచేరీల ఒక్క గడియ కూసొని లేస్త నేను. నా నడుము ఒప్పదు."

మొదట సాలెవీధి చూపించింది. నూలు చీరకు పట్టు అంచు కలుపుతున్న పనివాడి దగ్గర రాధమ్మ కాళ్లు ఆగిపోయాయి. పోగుకు పోగు ముడివేస్తూ పోయే ఆ వేళ్లను చూస్తుంటే తాము నేసే ముతక చీరలు గుర్తొచ్చి ముందు చిన్నబోయింది. తర్వాత పక్కనే చతికిలబడి, ఆ అతుకు ఎలా పడుతోందో నాలుగు ప్రశ్నలడిగి గానీ లేవలేదు.

అక్కణ్నుంచి రైలు స్టేషన్. వీళ్లు వెళ్లేసరికే కర్నూలు వైపు నుంచి బండి వచ్చి ఆగింది. పొగకూ కూతకూ బెదిరి రాధమ్మ వదిన వెనక దాక్కుంది. కచేరీవాళ్లు దిగుతున్నారు. ఒకాయన తంబూరాను గుడ్డలో చుట్టి ఎత్తుకున్నాడు.

"ఎవరి బిడ్డనో గానీ మస్తు పొడుగుంది," అంది యాదమ్మ.

మృదంగాన్ని చంకనెత్తుకున్న ఒక బట్టతల పెద్దమనిషి ఆ మాట విని ఫక్కున నవ్వాడు. యాదమ్మ కొంగుతో మొహం కప్పుకుని మరదలిని బజారుకు లాక్కుపోయింది. అక్కడ ఆమె పట్టుబట్టడంతో రాధమ్మ శేరు రవ్వ కొన్నది. "రాజోలిల గింత సన్నంది దొరకదు," అని యాదమ్మ ధీమా.

పొద్దు వాలుతుండగా కోట చేరుకున్నారు. దర్వాజా ఎత్తు చూస్తూ నడిచి రాధమ్మ రెండుసార్లు రాయికి తన్నుకుంది. లోపల గుడి ముందు పందిరి, పందిరి నిండా జనం. పెబ్బేరు సంతకు కూడా ఇంతమంది రారు. ఇద్దరూ తోసుకుంటూ పోయి, వేదిక పక్కనే ఆడవాళ్లకు కట్టిన చోట కూర్చున్నారు. ఆ తోపులాటలో పొట్లం చినిగి రవ్వ చాప మీద కారసాగింది. రాధమ్మ కంగారుగా దోసిట్లోకి ఎత్తుకుంటోంది.

"తాయీ!"

తలెత్తి చూస్తే స్టేషన్‌లో నవ్విన బట్టతలాయన వేదిక అంచున వంగి ఉన్నాడు. రాయచూరు మనిషట, అమ్మా అనడానికి తాయీ అంటూ మాటలో కన్నడం కలుపుతున్నాడు.

"స్వల్ప రవ్వ ఇస్తారా తాయీ? నా రవ్వ డబ్బీ బసలో మరిచినాను. బజారుకు పంపితే అంగళ్లన్నీ మూసినారంట, అంగడివాళ్లందరూ ఇక్కడే ఉన్నారు."

రాధమ్మ గుండె కరిగిపోయింది. పొద్దుటి నుంచి తిండి లేదేమో పాపం!

"పచ్చి రవ్వ ఎట్ల తింటవయ్యా? కడుపుల నొప్పి లేస్తది. జొన్నరొట్టె ఉంది, తిను."

ఆయన ఒక క్షణం బిత్తరపోయాడు. ఆ తర్వాత రొట్టే తీసుకున్నాడు, గుప్పెడు రవ్వా తీసుకున్నాడు. వెళ్లి రవ్వను నీళ్లతో తడిపి ముద్దచేసి, మృదంగం ఎడమ మూతికి మెత్తాడు.

"అయ్యో, వదినా! తిండిని తోలుకు పూస్తుండు చూడు!"

రాధమ్మ లేవబోయింది. అంతలో ఆయన అరచేత్తో ఒక్క దెబ్బ వేశాడు. రవ్వ ముద్ద బరువుకు లోతుగా 'ధోం' అన్న ఆ నాదం చాప కిందనుంచి పాకి వచ్చి ఆమె పొట్టలో మోగింది. లేవబోయినది లేవబోయినట్టే కూలబడింది.

పాట మొదలైంది. మాటలు సగం అర్థం కాలేదు. అయినా గొంతు మెట్లు దిగివస్తుంటే రాధమ్మ కూడా దిగింది, ఎక్కుతుంటే ఎక్కింది. చివర్లో గాయకుడు ఆగి మృదంగానికి వదిలేశాడు. బట్టతలాయన వేళ్లు ఎక్కడ పడుతున్నాయో కంటికి ఆనలేదు. గడియలో లేస్తానన్న యాదమ్మ రెండు చేతులతో మోకాలి మీద తాళం కొడుతోంది. కొట్టీ కొట్టీ మరదలి మోకాలి మీద కూడా కొడుతోంది.

"నడుము నొయ్యలేదా వదినా?"

"సప్పుడు జెయ్యకు, ఇనపడనియ్యి!"

కచేరీ ముగిసి జనం లేస్తుంటే ఆయన వచ్చి చేతులు జోడించాడు. "రొట్టె చాలా బాగుంది తాయీ. రేపు కూడా వస్తారు కదా?"

రేపు పొద్దున్నే బండి తిరిగిపోవాలి. రాధమ్మ వదిన మొహం చూసింది. యాదమ్మ అప్పటికే నవ్వుతోంది.

తెల్లారి గౌస్ పాషా ఎడ్లు కట్టుకుని వాకిట్లో కేకేస్తే, ఆడబిడ్డా మరదలూ కలిసి బయటికొచ్చారు. ఎవరి చేతిలోనూ మూట లేదు.

"గౌసన్నా, జర మా ఆయనకు చెప్పు," అంది రాధమ్మ, "ఇంకో రెండొద్దులకు వస్తదట అను. బర్రెకు మేత ఆయననే వెయ్యాలె, పాలు ఆయననే పిండుకోవాలె."

"రామస్వామన్న నన్ను తిడ్తడమ్మా!"

"తిట్టనియ్యి. తిట్టిన మాటలు యాదిపెట్టుకో, నేనొచ్చినంక అన్నీ వింట."