కవిగారి ఇంట్లో తద్దినాలు

ఆ కవి ఇంట్లో చావులకు కొదవ లేదని ముందే తెలిసి ఉంటే శశికళ ఆ బేరం పెట్టేదే కాదు.

ఆమె మొగుడు జగదీష్ అమెరికాలో ఫార్మింగ్టన్ హిల్స్ దగ్గర ఒక కాలేజీలో ఇంగ్లీషు చెప్పేవాడు. ఎప్పుడో నూరేళ్ళ కిందట పోయిన ఒక అమెరికన్ కవి జీవితచరిత్ర రాస్తుండేవాడు. ఆ మహానుభావుడు పద్యాలూ దెయ్యాల కథలూ రాసి, తాగి తాగి, చివరికి వీధిలో దిక్కులేకుండా పడి ప్రాణం విడిచాడట. రాస్తూ రాస్తూ జగదీష్‌కి కూడా సాయంత్రమైతే గ్లాసు కావలసి వచ్చింది. లివర్ చెడిపోతోంది, మానకపోతే బతకవని డాక్టరు చెప్పేశాడు.

ఆ ఏడు, 1979లో, శశికళకు ఉపాయం తోచింది. ఆమె పుట్టింట్లో పెద్దలకు పెట్టే రోజున తాత ఫోటో ముందు ఆయనకిష్టమైన కల్లు పెట్టేవారు. తర్వాత దాన్నే ప్రసాదమని తలా కాస్త పుచ్చుకునేవారు.

"ఏడాదికోసారి మీ కవి పోయిన రోజున ఆయనకి గ్లాసు పెట్టి, ఆ ప్రసాదం పుచ్చుకోండి. పెద్దలకి పెట్టకుండా చుక్క ముట్టనని విద్య మీద ఒట్టెయ్యండి," అంది.

"డీల్, శశీ!" అని జగదీష్ ఉయ్యాలలో ఉన్న కూతురు విద్య తల మీద చెయ్యి వేశాడు.

ఏడాది సుఖంగా గడిచింది. తర్వాత ఒక మంచు సాయంత్రం కవి బొమ్మ ముందు గ్లాసు కనిపించింది.

"ఇదేంటండీ?"

"ఆయన భార్య పోయిన రోజు. పాతికేళ్ళైనా లేవు. కప్పుకోడానికి సరైన దుప్పటి లేక, దగ్గి దగ్గి పోయింది పిచ్చిపిల్ల." జగదీష్ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. శశికళకూ జాలేసింది. పోనీలే అనుకుంది. అక్కడే కొంప మునిగింది.

ఆ తర్వాత కవి తల్లి. పెంచిన తల్లి. తాగుబోతు అన్న. కడకు, అయ్యో రామా, పిల్లి! ప్రతి చావుకీ ఒక తేదీ, ప్రతి తేదీకీ ఒక ప్రసాదం.

"ఇంక చాలించండి, మీకు దణ్ణం పెడతాను!" అని ఏడ్చేది శశికళ.

"నేను ఒట్టు తప్పానా?" అనేవాడు జగదీష్.

తప్పలేదు మరి. కొరివితో తల గోక్కున్నది తనే. ఎవరితో చెప్పుకుంటుంది? పుస్తకం కవి భార్య చావు దగ్గరే ఆగిపోయింది. జగదీష్ 1985లో ఆస్పత్రిలో పోయాడు.

ఏడాది తిరిగింది. శశికళ మొగుడి ఫోటో ముందు పులిహోరా, కాఫీ పెట్టి దీపం వెలిగించింది. విద్య వంటింట్లోంచి, తండ్రి వదిలిపోయిన సీసాలోది అంచుదాకా నింపిన గ్లాసు రెండు చేతులా పట్టుకుని, ఒలక్కుండా తెచ్చి పెట్టింది.

"డాడీకి దిస్ ఈజ్ ఫేవరెట్ కదా అమ్మా? నీ రూలే కదా?"

ఇద్దరూ దణ్ణం పెట్టుకున్నారు. విద్య చెయ్యి చాచి గ్లాసు అందుకుంది.

"ప్రసాదం. ఓన్లీ కొంచెం, అమ్మా."

శశికళ గ్లాసు లాక్కుని సింకులో వంపేసింది. సింకు పట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చింది.

విద్య భయపడిపోయింది. "పెద్దలకి పెట్టింది పారబోస్తే పాపం కదా అమ్మా?"

"పాపమే తల్లీ," అంది శశికళ, కూతుర్ని పొట్టకు అదుముకుని. "మీ నాన్న బతికుండగా చెయ్యాల్సిన పాపం."