మీసం లేని వీరుడు

జమ్మలమడుగుకు సముద్రం ఎంత దూరమో ఊళ్లో ఎవరికీ సరిగ్గా తెలియదు, తెలుసుకునే అవసరమూ రాలేదు. పెన్నలో నీళ్లు కనిపిస్తేనే జనం వంతెన మీద బండ్లు ఆపి ఫోటోలు తీసుకుంటారు. అలాంటి ఊరి నుంచి ఒకాయన నౌకాదళంలో చేరి, డెబ్బై ఒకటి యుద్ధంలో ఒళ్లంతా గాయాలైనా తుపాకి దగ్గరి నుంచి కదలకుండా తనవాళ్లను కాపాడి ప్రాణం వదిలాడని, ఆయనకు వీరచక్ర ఇచ్చారని, ఇన్నేళ్ల తర్వాత ఊరి నాయకుడు శివనారాయణకు హఠాత్తుగా తెలిసింది. మునిసిపల్ ఎన్నికలు దగ్గర పడితే మనిషికి ఇలాంటి జ్ఞానోదయాలు కలుగుతుంటాయి.

వెంటనే విగ్రహ కమిటీ పుట్టింది. అధ్యక్షుడు ఎవరో చెప్పనక్కరలేదు. ఆ వీరుడు లెఫ్టినెంట్ జయప్రకాష్ చదివింది మా ఊళ్లోనని ప్రొద్దుటూరు వాళ్లు, ఆయన అమ్మగారి పుట్టిల్లు మాదని పులివెందుల వాళ్లు ఫ్లెక్సీలు కట్టారు. యాభై ఏళ్లు ఎవరికీ పట్టని మనిషి మూడు ఊళ్లకూ ఒకేసారి దగ్గరి చుట్టమైపోయాడు.

అసలు చుట్టాల ఇంట్లో సుస్మిత కొత్త కోడలు. పులివెందుల పిల్ల, ఎమ్మెస్సీ చదివింది. పెళ్లి గోరింటాకు ఇంకా గోళ్ల మీద మిగిలే ఉంది కాబట్టి ఆమెకు లోకంలో ప్రతిదీ ముచ్చటగానే కనిపించేది. మొగుడు ఎబినేజర్ బైకు అద్దాన్ని రోడ్డు వైపు కాకుండా తన ముఖం వైపు తిప్పుకోవడం ముచ్చటే. వెనక లారీవాడు తిట్టిన తిట్లు కూడా ముచ్చటే.

ముచ్చటగా అనిపించనిది ఒక్కటే. నవంబరులో సమాధుల పండుగకు అందరూ శ్మశానానికి వెళ్లి, సున్నం కొట్టిన సమాధుల మీద చామంతులు పరిచి కొవ్వొత్తులు వెలిగించారు. ఎబినేజర్ నాయనమ్మ రత్నమణి మాత్రం ఒక కొవ్వొత్తిని వెలిగించకుండా కొంగులో చుట్టుకుంది.

"అదెవరికి జేజీ?" అని అడిగింది సుస్మిత.

"మా అన్నకు. ఆయప్ప సముద్రంలో ఉండాడు. ఆడ యాడని పెట్టేది? ఏటా కొంటా, ఏటా ఇంటికి తెచ్చుకుంటా." కొంగు ముడి బిగించి మళ్లీ అంది. "బొమ్మ పెడ్తారంట కదా. దాని కాళ్లకాడ పెడ్తా. కానీ మొగం మా అన్నదై ఉండాల. ఎవురి మొగానికో నేనేంటికి పెట్టేది?"

అందుకే ఆవిష్కరణకు ముందు మొగుడూ పెళ్లాం ప్రొద్దుటూరు వెళ్లారు. విగ్రహం చేస్తున్నది షంషుద్దీన్. షెడ్డులో జయప్రకాష్ తెల్లటి యూనిఫారంలో నిలబడి ఉన్నాడు. ముక్కు, కళ్లు ఇంట్లో ఉన్న ఫోటోలో లాగే ఉన్నాయి. వాటి కింద, రెండు చెంపలనూ ఆక్రమించి, గుబురు మీసం.

"ఏం మామా, ఫోటోలో మీసం లేదే" అన్నాడు ఎబినేజర్.

"ఫోటో చూసే చేసినా అప్పా. శివనారాయణ వచ్చి చూసి, యుద్ధం చేసినోని మాదిరి లేడు, బ్యాంకు మేనేజరు మాదిరి ఉండాడన్నాడు. పెట్టమన్నాడు, పెట్టినా."

"పెడితే మాత్రం ఇంతనా?"

"కలిపిన సిమెంటు యాడ పారబోయాల?"

ఎబినేజర్ నాలుగడుగులు వెనక్కి వేసి చూసి పకపకా నవ్వాడు. "తెల్లబట్టలు, ఆ మీసం. అచ్చం వీరభద్రయ్యే."

"ఆయనెవరు బావా?"

"శివనారాయణకు పడని వర్గం పెద్దాయనమ్మే. పోయి శానా ఏండ్లాయె. ఇప్పటికీ ఆ పేరెత్తితే ఈ మనిషికి అన్నం సయించదు."

సుస్మిత ఆ మాటను భద్రంగా దాచుకుంది. దారిలో ఉగ్గాని, బజ్జీ తింటూ మొగుడి ప్లేటులోని బజ్జీ కూడా లాక్కుంది. తర్వాత నేరుగా శివనారాయణ ఇంటికి బండి పోనివ్వమంది.

"మీసం లేని వీరుడేందమ్మా?" అన్నాడు శివనారాయణ టీ గ్లాసు అందుకుంటూ. "రేపు పిల్లోళ్లు చూసి ఏం నేర్చుకుంటారు?"

"మా జేజి వాళ్లన్నకు అసలు మీసమే లేదు మామా."

"లేకుంటే మనం పెట్టాల. గౌరవమంటే అదే."

"సరేలే మామా." సుస్మిత లేచి నిలబడింది. "మీసం బాగానే ఉంది. చూసినోళ్లు మెచ్చుకుంటాండారు కూడా. వీరభద్రయ్య లేచొచ్చి నిలబడినట్టే ఉందంట."

టీ గ్లాసు నోటి దగ్గరే ఆగిపోయింది. "ఎవురన్నారు?"

"చూసినోళ్లే." ఆ చూసినోళ్లంతా కలిపి ఒక్కడేనని, ఆ ఒక్కడు పక్కనే కూర్చుని చెమటలు తుడుచుకుంటున్నాడని ఆమె చెప్పలేదు. "నేను పులివెందుల దాన్ని, ఆయనెవరో నాకేం తెలుసు? ఎన్నికల ముందర మీరు ఆయనకు బొమ్మ పెట్టియ్యడం పెద్ద మనసే కదా మామా."

వాళ్లు గడప దాటకముందే లోపల ఫోను మొదలైంది. "యో షంషుద్దీన్, ఆ మీసం తీసెయ్. సిమెంటు ఆరిపోతే ఏంది, నీకాడ ఉలి లేదా?"

డిసెంబరులో నౌకాదళ దినోత్సవం నాడు ముసుగు తీశారు. ముఖ్య అతిథి సముద్రం గురించి రెండు ముక్కలు, తన గురించి మిగతావన్నీ మాట్లాడి కారెక్కాడు. మీసం పోయింది. అయితే ఉలి జారి పైపెదవి మీద చిన్న గాటు పడింది. దాన్ని రంగు కప్పలేకపోయింది. సుస్మిత జేజి ముఖం వైపు చూసింది. ఇంత చేసీ, ఇది మా అన్న కాదని జేజి తిరిగి వెళ్లిపోతే?

రత్నమణి దగ్గరికి వెళ్లి, కళ్లద్దాలు పైకి జరుపుకుని చాలాసేపు చూసింది.

"మా అన్నే" అంది.

"ఆ గాటు, జేజీ..."

"అందుకే అంటాండా. సెలవు అయిపోయి పోయే రోజంతా ఆయప్పకు తొందరే. గడ్డం గీసుకుంటా ఆడనే కోసుకునేటోడు. కడాకు పోయినప్పుడు కూడా కాయితం ముక్క అంటించుకోనే ముద్దనూరులో రైలెక్కినాడు." ఆమె చెయ్యెత్తింది గానీ పెదవి అందలేదు. బూటు తడిమింది.

"అదంతా నేను దగ్గరుండి చెప్పి చేయించిందే" అన్నాడు శివనారాయణ వెనక నుంచి.

జేజి కొంగు విప్పి కొవ్వొత్తి తీసింది. గాలి ఎక్కువగా ఉంది. అగ్గిపుల్లలు వరసగా ఆరిపోతున్నాయి. సుస్మిత చుట్టూ చూసింది. పక్కనే ఫ్లెక్సీ ఉంది. దాని మీద ముఖ్య అతిథి నిలువెత్తున, శివనారాయణ అందులో సగం ఎత్తున, కమిటీ వాళ్లంతా దండ గుచ్చినట్టు ఉన్నారు. మూలన తపాలాబిళ్లంత జయప్రకాష్. ఆమె కనుసైగ చేస్తే ఎబినేజర్ తాళ్లు విప్పాడు. ఇద్దరూ దాన్ని మడిచి విగ్రహం కాళ్ల చుట్టూ గాలికి అడ్డంగా పట్టుకున్నారు.

కొవ్వొత్తి వెలిగింది, నిలిచింది. ఆ ఫ్లెక్సీలోని పెద్దమనుషులంతా కలిసి జయప్రకాష్‌కు చేసిన పని అదొక్కటే. అది మాత్రం బాగానే చేశారు.