సత్తు బండి

బొంబాయి కామాటిపురల, వరుస గదుల చాల్‌ల ఉండే దుర్గయ్యకు ఒక పట్టు ఉండేది. తన చేత్తో కట్టని పరంజా మీద చచ్చినా కాలు పెట్టడు. ఆ ఊర్ల ఎన్ని మేడలకు వెదురుబొంగులు కట్టిండో ఆయనకే ఎరుక. "ఎవడో ఏసిన ముడికి నా పాణం అప్పజెప్తనా?" అనేటోడు. తన ముడికి మాత్రం ఎప్పుడూ ఒక కట్టు ఎక్కువ ఏసేటోడు. ఆ ఎక్కువ కట్టు అలవాటే కొడుకు లస్మయ్యకు దిగింది, కొంప ముంచింది.

లస్మయ్య ధారావిల ఒక షెడ్డుల వెల్డరు. ఒక యేడు షెడ్డు సేటు, లారీ ఇంజనుకు తగిలించే పెద్ద ట్రైలర్‌ను అల్యూమినియంతోని, అంటే సత్తుతోని, చెయ్యమన్నడు. బండి తేలికైతే సరుకు ఎక్కువ పడుతది గదా. నక్షా లస్మయ్యనే గీసిండు, ఇంజనీరు సాబు సరిచూసి సంతకం పెట్టిండు. చాల్‌ల అందరూ మస్తు సంబరపడ్డరు, దుర్గయ్య తప్ప.

"సత్తు గిన్నెల అన్నం వండుకుంటరు గని, బండ్లు చేస్తార్రా? మీద నాలుగు గుండ్లేస్తే అప్పడమైతది!"

ఆ మాట లస్మయ్యకు ముల్లోలె గుచ్చుకుంది. బండి అంతా నక్షా ప్రకారమే చేసిండు. ఆఖరికి మనసు ఊరుకోక, ఎందుకైనా మంచిదని కింది దూలాలకు చిల్లులు పొడిచి ఇనుప పట్టీలు బిగించిండు. నక్షాల లేని పట్టీలవి.

ఆర్టీవోల పాసింగ్‌కు తీస్కపోతే కాంటా మీదనే దొరికిపోయిండు. ఖాళీ బండే నక్షాల రాసిచ్చిన బరువు దాటింది. ఇన్‌స్పెక్టరు మంచోడే, వంగి కిందికి చూసిండు.

"తేలిక బండి అని చెప్పి ఇనుము మోపిస్తున్నవేందయ్యా? సరిచేసి మల్ల తీస్కరా."

సేటు మొకం మాడ్చుకున్నడు. "ఈసారి పాస్ కాకుంటే పని పుణె షెడ్డోళ్లకు పోతది. నువ్వు మల్ల కిటికీ గ్రిల్లులే చేసుకో" అన్నడు.

ఆ పూట లస్మయ్య అన్నం ముట్టలే. భార్య వజ్రమ్మ ఊరుకుంటదా?

"ఏమయ్యా, ఇనుము లేకుంటే బండి ఇరుగుతదా?"

"నక్షా ప్రకారమైతే ఇరగదు."

"మరి బండి కోసం ఏసినవా, మామ నోటికి భయపడి ఏసినవా?"

లస్మయ్యకు సిగ్గయింది. నా గీతను నేనే నమ్మకపోతే ఇంకెవడు నమ్ముతడు అనుకున్నడు. తెల్లారి పోయి పట్టీలు పీకేసిండు. చిల్లులు పడ్డ దూలాలు ఇంక పనికిరావని వాటిని గూడ తీసి, నక్షాల ఉన్నట్టే నడిమిట్ల లోతు, కొసలకు సన్నం, మళ్లీ కొత్తగ చేసిండు.

ఈసారి కాంటా ముల్లు ఒప్పుకుంది. పొడుగు, ఎడల్పు, బ్రేకులు అన్నీ కొలిచిండ్రు. నిండ బండరాళ్లేసి నడిపిండ్రు. దూలం ఇసుమంతైనా కుంగలే. ఇన్‌స్పెక్టరు ముద్ర గుద్దంగనే లస్మయ్యకు కండ్లల్ల నీళ్లు తిరిగినయి.

రాళ్లు దించకుండనే బండిని పూజకని చాల్ ముంగటి ఫోరస్ రోడ్డుకు తెచ్చిండ్రు. వజ్రమ్మ కొబ్బరికాయ కొట్టి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టింది. చాల్ అంతా దిగొచ్చింది. కట్టెపొడుసుకుంట దుర్గయ్య గూడ వచ్చిండు. రోడ్డు మీద మోకాళ్లేసి కిందికి తొంగిచూసిండు.

"ఇనుమేదిరా?"

"తీసేసిన, నాయినా."

"ఒక కట్టు ఎక్కువ ఏసుకోలే?"

"లే. ఎంత కావాల్నో గంతే ఏసిన."

ముసలాయన లేచి నిలబడ్డడు. అందరూ ఇగ తిట్లు పడుతయనుకున్నరు. ఆయన కట్టె పక్కకు పెట్టి, చెప్పులిడిచి, కొడుకు దిక్కు చెయ్యి చాపిండు.

"పట్టు. ఎక్కించు నన్ను."

అందరూ నోరెళ్లబెట్టిండ్రు. దుర్గయ్య రాళ్ల నడుమ, సరిగ్గ దూలం మీద బరువు పడే తావు చూసుకొని కూసున్నడు.

"ఏం జూస్తున్నరు? నా కొడుకు కట్టిండు. ఇగ పోనియ్యుండ్రి!"