ఎత్తి పట్టిన తెడ్లు

మా ఊరి అతిథిగృహం ఏ ఒక్కరిదీ కాదు. సరస్సు ఒడ్డున పాడుపడ్డ గోదాముకు సున్నం కొట్టి, ఇంటికో మంచం, ఇంటికో దుప్పటి తెచ్చి ఊరంతా కలిసి నిలబెట్టుకున్నాం. వంట ఒకరిది, పక్కలు సర్దడం నాది, పడవ మా బావగారిది. ఎవరికైనా ఒంట్లో బాగోకపోతే వాళ్ల వంతు పని ఇంకొకరు చేసేస్తారు. ఆ సంగతి అతిథికి చెప్పం. మొదటి నుంచీ మాకదే అలవాటు.

మా బావగారు, అంటే మా ఆయన అన్న, తెడ్లు ఎంత నెమ్మదిగా వేసేవారంటే ఊళ్లో అందరూ ఆయన్ని నింపాదయ్య అనేవారు. వానలు వెనకబట్టాక జ్వరమొచ్చి పోయారు. అప్పటికే గదులన్నీ నిండి ఉన్నాయి. ఆయన్ని సాగనంపి వచ్చిన మర్నాడే మా ఆయన పడవెక్కారు. ఏడవడానికి తీరిక చిక్కలేదు. తర్వాతైనా ఏడవగా నేను చూడలేదు.

ఇంతలో, ఏటా వచ్చే టీచరమ్మ ఈసారీ వస్తున్నానని కబురు చేసింది. ఉద్యోగం మానేసి చాలా కాలమైంది. చూపు తగ్గుతూ తగ్గుతూ ఇప్పుడు వెలుగు, నీడ మాత్రమే తెలుస్తాయి. ఆవిడ వచ్చేది మా గదుల కోసం కాదు, బావగారి పడవ కోసం. ఆయన్ని తమ్ముడూ అని పిలిచేది, ఆయన అక్కా అనేవారు.

"చెప్పొద్దు," అంది వంటావిడ. "అంత దూరం నుంచి వచ్చే మనిషిని గుమ్మంలోనే ఏడిపిస్తామా? అన్నదమ్ములిద్దరిదీ ఒకటే గొంతు. ఈయన వెళ్తే సరిపోతుంది."

"పోయినాయన వంతు కూడా చేసేస్తామా వదినా?" అన్నాను.

"మరి ఇన్నాళ్లూ చేస్తోంది ఎవరమ్మా?" అంది, మా ఆయన్ని చూపిస్తూ.

టీచరమ్మ వచ్చిన రోజు మా ఆయన అన్న చొక్కా తీసి తొడుక్కున్నారు. చూపు లేని మనిషి కోసం చొక్కా ఎందుకని నేను అడగలేదు.

దయ కొద్దీ ఆడే అబద్ధాన్ని దేవుడు ఎలా చూస్తాడు? ఆ ఉదయం దణ్ణం పెట్టుకుంటూ అడిగాను. ఆవిడకు తోడుగా నేనూ పడవెక్కాను.

"బాగున్నావా తమ్ముడూ?"

"బాగున్నానక్కా."

ఆవిడ ముఖం విప్పారింది. పడవ కదిలింది. మా ఆయన చేతులకు నిదానం తెలియదు.

"ఏంటి తమ్ముడూ ఈ హడావిడి? అవతలి ఒడ్డున ఎవరైనా నీకు వడ్డించి కూర్చున్నారా?" అని నవ్వింది. మా ఆయన కూడా నవ్వబోయి దగ్గారు.

సరస్సు నడిమికి వచ్చాం. దాటిపోయాం. రావాల్సిందేదో ఇంకా రాలేదన్నట్టు ఆవిడ చెవి ఒగ్గి కూర్చుంది. నవ్వు మెల్లగా పోయింది.

"మీ అన్న ఎప్పుడు పోయాడు?" అంది.

తెడ్లు ఆగాయి.

"నడిమికి రాగానే తెడ్లు రెండూ పైకెత్తేవాడు. చివరి చుక్క నీళ్లలో పడేదాకా ఇద్దరం మాట్లాడేవాళ్లం కాదు. ఈ సరస్సు నాకు కనిపించేది ఆ చుక్కల చప్పుడులోనే. అతను బతికే ఉంటే, అతనిలా నువ్వు రావాల్సిన పనేముంది?" అని నా వైపు తిరిగింది. "నా తమ్ముడు పోతే నన్ను నవ్వించారేంటమ్మా?"

"మీరు బాధపడతారని..."

"బాధపడొద్దా మరి?"

మేమంతా ఒకరి బరువు ఒకరం మోస్తున్నామనే అనుకున్నాను. ఈవిడ మోయాల్సినదాన్ని మేం దాచేశాం. ఇదెక్కడి సాయం?

"వెనక్కి తిప్పు నాయనా. నడిమికి," అంది.

మా ఆయన తిప్పారు. ఈసారి నెమ్మదిగా, అచ్చం అన్నలాగే. నడిమికి వచ్చాక తెడ్లు రెండూ ఎత్తి పట్టారు. చుక్కలు గబగబా రాలాయి, తర్వాత ఆగి ఆగి, తర్వాత ఒక్కటి. అది పడ్డాక కూడా ఆయన తెడ్లు దించలేదు.

"అక్కా, మా అన్న పోయాడక్కా," అన్నారు, ఆ కబురు మోసుకుని అప్పుడే పరుగెత్తుకొచ్చినవాడిలా.

ఆవిడ తడుముకుంటూ ముందుకు వంగి, ఆ చొక్కా అంచు పట్టుకుంది.