గొడుక్కి పింఛను

చాతం జెట్టీ దగ్గర మొబైల్ దుకాణంలో కళ పని రీచార్జీలు చెయ్యడం, పగిలిన ఫోన్లకి అద్దాలు మార్చడం. కానీ అవతలి ఒడ్డున బాంబూఫ్లాట్‌కి వెళ్ళే పడవ కోసం కాచుకునేవాళ్ళు ఆమె దగ్గరికి ఎక్కువగా వచ్చేది మరో పనికి.

"కళ దీదీ, నవ్వొచ్చే సినిమా ఒకటి చెప్పు," అంటారు.

ఆమె వెంటనే చెప్పదు. ముందు మనిషిని చూస్తుంది. సంచీ భుజానికి ఎలా తగిలించుకున్నాడు, పడవ ఎప్పుడొస్తుందని ఎన్నిసార్లు అడిగాడు, ఊరికే ఉన్నప్పుడు మొహం ఎలా పెట్టాడు. కొందరికి ఒకరి మీద ఒకరు పడిపోయే సినిమాలు కావాలి. ఆస్పత్రి నుంచి తిరిగి వెళ్ళేవాళ్ళకి అవి పనికిరావు. లోపల్లోపల నవ్వుకునేవి, వచ్చిన కొత్తలో ఎవరూ పట్టించుకోక మూలపడ్డవి వాళ్ళకి నప్పుతాయి. కళకి ఇరవై ఏళ్ళు. పది మాటలు అనాల్సిన చోట ఒకటి అనే పిల్ల. ఈ ఒక్క విషయంలో మాత్రం ఆమె చెప్పింది ఎవరికీ తప్పిపోలేదు.

తప్పింది ఇంట్లోనే.

లక్ష్ముడు తాత పోయి మూడు నెలలైంది. అప్పటినుంచి అమ్మమ్మ గురువమ్మ గుమ్మం పక్కన గోడకి వీపు ఆనించి కూర్చుంది. పెడితే తింటుంది. అడిగితే "ఊఁ" అంటుంది. చేపల బజారులో ఆమె నోటికి జడిసి బేరగాళ్ళు పక్క వరసకి తప్పుకునేవారు. ఆ నోరే మూతపడింది. కళ తన దగ్గరున్న నవ్వుల సినిమాలన్నీ ఒక్కొక్కటే పెట్టి చూపించింది. గురువమ్మ కళ్ళు టీవీ మీదే ఉండేవి. మొహంలో ఏదీ కదిలేది కాదు. జెట్టీకి వచ్చిపోయేవాళ్ళందరికీ నవ్వు వెతికి పెడుతున్నాను, మా అమ్మమ్మకి ఒక్కటి దొరకదా అని కళకి దిగులు పట్టుకుంది.

ఇక మిగిలింది గొడుగు సినిమా.

తాత ఖలాసీ. ద్వీపాల మధ్య తిరిగే ఓడల్లో తాళ్ళు విసిరి, తాళ్ళు లాగి ముప్ఫై ఏళ్ళు గడిపాడు. బెంగాలీవాళ్ళతో కలిసి పనిచేసి వాళ్ళ భాష నేర్చాడు. పెళ్ళింట్లోనైనా సరే, చావింట్లోనైనా సరే, నలుగురు కూడితే చివరికి ఆ సినిమా మాటే ఎత్తేవాడు. "గొడుగు సినిమా సూసినావేటి? సూడనేదా? అయితే నువ్వింకా నవ్వనేదన్నమాట!" దాని అసలు పేరు ఆయనకే తెలీదు. నలభై ఏళ్ళ కిందట బస్తీలో వీడియో ఆడించే గదిలో ఒక్కసారి వేశారట. మాటలన్నీ బెంగాలీ. తాత టీవీ పక్కన నిలబడి మొదటినుంచి చివరిదాకా తెలుగులో చెప్పాడట. ఆ రోజు చూసినవాళ్ళు ఇప్పటికీ వానలో ఎవరైనా గొడుగు తెరిస్తే నవ్వుతారు.

కళ దుకాణానికి వచ్చిన ప్రతి బెంగాలీ మనిషినీ అడిగింది. గొడుగు పట్టుకుని ఆఫీసుకి తిరిగే ముసలాయన, ఇంట్లో పెద్ద గోడ గడియారం, అలాంటి కామెడీ ఏదైనా ఉందా? అలాంటి కామెడీ లేనేలేదన్నారు అందరూ. ఆఖరికి సిప్పీఘాట్ తోటలో మొక్కలు పెంచే శెఫాలి దీదీ అంది: "గొడుగు ముసలాయనా? గోడ గడియారం? దేఖా హై, చూశాను. మా అమ్మ దగ్గరుంది." అని, "మగర్ కామెడీ కౌన్ బోలా తుమ్‌కో?" అని, దాన్ని కామెడీ అన్నదెవరని అడిగింది.

"మా తాత."

శెఫాలి తల ఊపింది. మర్నాడు పెన్‌డ్రైవు తెచ్చి చేతిలో పెట్టి, "తువ్వాలు దగ్గర పెట్టుకో," అని పడవెక్కేసింది. నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకోడానికి కాబోలనుకుంది కళ.

ఆ ఆదివారం గాలి హెచ్చరిక వచ్చింది. పడవలన్నీ కట్టేశారు. మధ్యాహ్నం భోజనాలయ్యాక ఇద్దరు వచ్చి కూర్చున్నారు: పక్కింటి ఎర్రమ్మ, తాతతో చిన్నప్పటినుంచీ తిరిగిన పైడిబాబు. ఇద్దరూ ఆనాడు ఆ గదిలో ఉన్నవాళ్ళే.

"నన్ను ముందు కూకోనియ్యండి," అన్నాడు పైడిబాబు. "ఆ ఏళ ఈ ఎర్రమ్మ కొప్పు అడ్డమొచ్చి సగం బొమ్మ కనపడనేదు."

"కొప్పు సూడ్డానికే ఎనక కూకున్నావని అందరికీ తెలుసులే," అంది ఎర్రమ్మ. "ఇప్పుడు కొప్పూ నేదు, నీకు సూపూ నేదు. ఎక్కడ కూకుంటే ఏటి?"

గురువమ్మ గోడ దగ్గర నుంచి కదల్లేదు.

సినిమా మొదలైంది. నలుపూ తెలుపూ బొమ్మ. వాన. చిరుగుల గొడుగు వేసుకుని ఒక ముసలాయన నడిచి వస్తున్నాడు. వెనక వయొలిన్ సన్నగా ఏడుస్తోంది. ఇంట్లో మంచం మీద జ్వరంతో భార్య. గోడ గడియారం ఆగిపోయి ఉంది. హిందీ వచ్చిన చెవికి బెంగాలీ కొంత అందుతుంది. పది నిమిషాల్లో కళకి అర్థమైపోయింది. ఆయనకి పింఛను రావడం లేదు. ఆమెకి మందు లేదు. ఆమె బతకదు.

ఇది ఏడుపు సినిమా. శెఫాలి చెప్పిన తువ్వాలు ఇందుకు.

మనిషి పోయి మూడు నెలలే అయిన ఇంట్లోకి, నవ్వు అని చెప్పి తను తెచ్చింది దీన్నా?

"ఏటిది, ఈడు ఏడుస్తున్నాడేటి?" అన్నాడు పైడిబాబు.

"ఇది వేరే బొమ్మేమోనే కళా," అంది ఎర్రమ్మ, గురువమ్మ వైపు భయంగా చూస్తూ.

"ఆపేస్తాను," అంటూ కళ లేచింది.

"ఆపకు," అంది గోడ దగ్గర నుంచి ఒక గొంతు. "సౌండు కట్టీ."

కళ సౌండు తీసేసింది. గదిలో రేకుల మీద గాలి చప్పుడు మిగిలింది. తెరమీద ముసలాయన గుమాస్తా బల్ల ముందు చేతులు జోడించి నిలబడ్డాడు. చంకలో గొడుగు. పెదాలు కదిలాయి. గురువమ్మ గొంతు సవరించుకుంది.

"అయ్యా, నాకు పింఛనొద్దు. ఈ గొడుక్కి ఇప్పించండి. ముప్పయ్యేళ్ళు నాతోపాటే డూటీ సేసింది. నానైనా ఆదివారం ఇంటికాడున్నాను. ఇది పాపం, వానొస్తే ఆదివారం కూడా ఎల్లింది."

అది అమ్మమ్మ గొంతు కాదు. మాట చివర సాగదీయడం, నవ్వు రాబోయే ముందు దాన్ని ముక్కులో ఆపుకోవడం, అంతా తాతే. పెదాలు తెరుచుకున్నచోట మాట మొదలైంది, మూసుకున్నచోట ఆగింది.

గుమాస్తా కాగితం అటూ ఇటూ తిప్పాడు.

"దీని డేట్ ఆఫ్ బర్త్ రాయనేదే?" ఈసారి గీర గొంతు.

"పశువుకి పళ్ళు సూస్తారు గదా బాబూ. దీనికి ఊసలు సూసుకోండి."

గుమాస్తా తల అడ్డంగా ఊపాడు. "కుదరదు. గొడుగు సొయంగా ఒచ్చి సంతకం ఎట్టాల."

సరిగ్గా అప్పుడే నీరసపడ్డ ముసలాయన చంకలోంచి గొడుగు జారి గుమాస్తా బల్ల మీద పడింది.

"ఒచ్చింది బాబూ! సిరా ఎక్కడ?" అని అరిచాడు పైడిబాబు. ఆ ముక్క ఆయనకీ గుర్తుంది. ఎర్రమ్మ పమిట నోటికి అడ్డం పెట్టుకుని గోడకి ఒరిగిపోయింది. కళ నవ్వడం మర్చిపోయి చూస్తోంది. సినిమాలు వెతికి ఇవ్వడమే తనకి తెలుసు. లేని సినిమాని నిలబడ్డచోట పుట్టించి, నలభై ఏళ్ళు ఆడించిన మనిషి ఇన్నాళ్ళూ ఈ ఇంట్లోనే, తన పక్కనే కూర్చుని అన్నం తిన్నాడు.

మంచం దగ్గరి ఘట్టం వచ్చింది. ముసలాయన భార్య చెయ్యి పట్టుకున్నాడు. ఆమె పెదాలు కదిలాయి. గురువమ్మ ఏమీ అనలేదు. ఎర్రమ్మ, పైడిబాబు నవ్వాపి తలలు దించుకున్నారు.

"ఏమయ్యా," అంది గురువమ్మ, మెల్లగా. "పులుసులో ఉప్పెయ్యనేదు. ఎవలికీ సెప్పకు."

"సెప్పనులే. నువ్వు లెగిసి ఏస్తావా, నన్నెయ్యమంటావా?" మళ్ళీ ముసలాయన గొంతు.

తెరమీద ఆమె కళ్ళు మూసుకుంది.

"సూడు! పని సెబితే దీనికి నిద్రొచ్చీసింది."

అని గురువమ్మ నవ్వింది. పొట్ట పట్టుకుని, భుజాలు ఎగిరిపడేలా, కళ్ళనీళ్ళు గడ్డం దాకా కారుతుంటే నవ్వింది.

నవ్వు తగ్గాక పైడిబాబు అడిగాడు. "అయితే లక్ష్ముడు మనకి అబద్దం సెప్పినాడా? నలభయ్యేళ్ళు?"

"ఆ ఏళ కూడా ఇలాంటి గాలే," అంది గురువమ్మ. "మా అయ్య పడవ రానేదు. ఎర్రమ్మ అన్న అందులోనే ఉన్నాడు. స్లాబున్న గది అదొక్కటే అని మనందర్నీ అందులో కూకోబెట్టినారు. ఏడుస్తున్నామని ఉన్న ఒక్క కేసెట్టూ ఏసినారు. తెలుగులో సెప్పమని మీ తాతని నిలబెట్టినారు. మొదట్లోనే ఈడి మొహం మారిపోయింది. ఒకపాలి మా ఏపు సూసినాడు. ఎంటనే అందుకున్నాడు."

"పడవ?" అంది కళ.

"తెల్లారి ఒచ్చింది."

"అది ఏడుపు సినిమా అని నీకెలా తెలుసమ్మమ్మా?"

"అప్పటికే రెండేళ్ళబట్టీ బెంగాలీ బాబు ఇంట్లో అంట్లు తోముతున్నాను గదా. ఒక్క ముక్క పోకుండా తెలిసింది."

"తాతకి ఎప్పుడూ చెప్పలేదా?"

"సెబితే మళ్ళీ సెప్పేవోడేటే, పిచ్చి గుంటా? సేసుకుంటే ఈణ్ణే సేసుకోవాలని ఆ ఏళే అనుకున్నాను." గురువమ్మ పమిటతో మొహం తుడుచుకుని, పీట ఈడ్చుకుంటూ టీవీ ముందుకి వచ్చింది. ఎర్రమ్మని మోచేత్తో జరిపి కూర్చుంది.

"మొదటికి తిప్పు. గడియారం కాడ ఒక ముక్క ఒదిలీసినాను."

కళ సినిమాని మొదటికి తిప్పింది. సౌండు జోలికి పోలేదు.