తల ఊపే పిల్ల

ఆత్రేయపురంలో పూతరేకుల వ్యాపారం చేసే ఆ ఇంట్లో మాటలకు కరువు లేదు. కరువల్లా ఆరేళ్ళ దేవిశ్రీకే. పిల్లకు అన్నీ తెలుసు, కానీ తెలిసినదాని పేరు సమయానికి నోటికి అందదు. "అది... అది..." అని వెతుక్కునేలోపే నాయనమ్మ అచ్చాయమ్మ ఒక మాట, తల్లి లక్ష్మీప్రసన్న ఇంకో మాట అందించేసేవారు. పిల్ల తల ఊపేది. హమ్మయ్య, అర్థమైపోయిందనుకుని ఎవరి పనుల్లో వాళ్ళు పడేవారు. "మాట అందించకండి, కాస్త ఆగండి" అని రాజమండ్రిలో స్పీచ్ థెరపీ మేడమ్ చిలక్కి చెప్పినట్టు చెప్పింది. పెళ్ళిళ్ళ సీజన్లో ఆగే తీరిక ఎవరికుంది?

ఆ మధ్యాహ్నం మూడేళ్ళ భానుతేజ కనిపించలేదు.

మంచాల కింద లేడు. పొయ్యిల పాకలో, ఎండు కొబ్బరాకుల పోగు వెనక, ఎక్కడా లేడు. పెరటి తలుపు బార్లా తీసి ఉంది. అవతల నిండుగా పారుతున్న కాలువ. లక్ష్మీప్రసన్న కూతురి దగ్గరికి పరుగెత్తింది. వాడితో ఆడుకున్నది దేవిశ్రీ ఒక్కతే.

"తమ్ముడేడే? చెప్పు!" భుజాలు పట్టి కుదిపేసింది.

"తమ్ముడు... అది... అందులో..."

"కాలవలోనా?"

దేవిశ్రీ తల ఊపింది.

అచ్చాయమ్మ గొల్లుమంది. రేకులు తీసే ఆడవాళ్ళు పొయ్యిలు వదిలేసి పరుగెత్తుకొచ్చారు. పిల్లల తండ్రి ఉదయ్‌భాస్కర్ చొక్కాతోనే నీళ్ళలోకి దూకాడు, వెనకే ఇరుగుపొరుగు మగవాళ్ళూ దూకారు. గట్టు దాకా వచ్చిన లక్ష్మీప్రసన్నను దేవిశ్రీ కొంగు పట్టుకుని వెనక్కి లాగుతోంది. తమ్ముడు నీళ్ళలో ఉంటే ఈ పిల్ల ఇంటివైపు లాగుతుందేం?

ఆమెకు ఒక అనుమానం వచ్చింది. కూతురి ముందు వంగి అడిగింది.

"తమ్ముడు విమానం ఎక్కాడా, అమ్మా?"

దేవిశ్రీ తల ఊపింది.

లక్ష్మీప్రసన్న అక్కడే కూలబడింది. ఏ మాట అందిస్తే ఆ మాటకే ఊపుతుంది. ఆ అలవాటు చేసింది ఎవరో కాదు, తనే.

"నేనేం అడగను. నువ్వే చెప్పు, తల్లీ."

నోరు మూసుకుంది. కాలువలోంచి మగవాళ్ళ కేకలు వినిపిస్తున్నాయి. పిల్లాడు ఎక్కడో ఉన్నాడు, తను ఇక్కడ ఊరికే కూర్చుంది. పిచ్చెక్కిపోతోంది.

దేవిశ్రీ రేకు మడిచినట్టు చేతులు ఆడించింది. "పెట్టెలు... పెట్టెలు ఊరెళ్ళేది..." రెండు అరచేతులూ దబ్బున మూసింది.

వ్యాన్ అన్న మాట తల్లి నాలుక మీదికొచ్చేసింది. అంటే మళ్ళీ తల ఊపుతుంది, ఆ ఊపును నమ్మేదెలా? పెదవి కొరుక్కుని చెయ్యి చాచింది.

"చూపించు."

వీధిలో మండే ఎండలో పార్సిళ్ళ వ్యాన్ ఆగి ఉంది. వెనక తలుపులకు తాళం వేసి డ్రైవరు భోజనానికి వెళ్ళాడు. లోపల్నుంచి చప్పుడు లేదు. కొబ్బరికాయలు ఒలిచే గునపం తెచ్చి, చేతులు చీరుకుపోతున్నా ఆగకుండా తాళం పగలగొట్టింది.

అట్టపెట్టెల మధ్య భానుతేజ చెమటలో తడిసి ముద్దయి, కళ్ళు మూసుకుని పడి ఉన్నాడు. "నాన్నా! భానూ!" ముఖం మీద నీళ్ళు కొట్టింది. మళ్ళీ కొట్టింది. వాడు దగ్గి, సన్నగా ఏడుపందుకున్నాడు.

ఆసుపత్రిలో డాక్టరు భయం లేదన్నాక లక్ష్మీప్రసన్న వరండా బల్ల మీద కూతుర్ని పక్కన కూర్చోబెట్టుకుంది. బడి బాగుందా అంటే రోజూ ఊపిన తల గుర్తొచ్చింది. ఎవరూ కొట్టట్లేదు కదా అన్నా ఊపిన తల అదే. ఆ ఊపుల్లో ఏది నిజం? కూతురివైపు తిరిగింది.

"బడి సంగతులు నువ్వే చెప్పు, తల్లీ. ఎంతసేపైనా సరే."

దేవిశ్రీ తల ఊపలేదు. నేలవైపు చూసింది.

"అక్కడ... అది..."

లక్ష్మీప్రసన్న కొంగు నోట్లో కుక్కుకుని, ఎదురుచూసింది.